గొంతు పోయిన కెప్టెన్

“ఈసారి ఆ ఓడ మునిగిపోతుందటండీ. ఇక మన పిల్ల గతేం కాను?”

నేనీ మాట అనేసరికి మా ఆయన స్టూలెక్కి ఫ్యాన్ రెక్కలు తుడిచి బిగిస్తున్నారు. తల కూడా తిప్పలేదు.

“మునిగితే ఈదుకుంటూ వస్తుందిలే.”

“మీకన్నీ వేళాకోళాలే. ఓడ పోతే సినిమా పోయినట్టే. సినిమా పోతే దాని పని పోయినట్టే.”

“లోకంలో ఓడ ఉన్న సినిమా అదొక్కటేనా? ముందా స్క్రూ అందించు.”

స్క్రూ అందించాను కానీ, స్టూలు కాలు ఒకటి పొట్టిది. ఆయన పడి నడుం విరగ్గొట్టుకుంటారేమోనని దాన్ని పట్టుకునే నిలబడ్డాను. ఒక భయం ఉండగా ఇంకోటి రాకూడదని రూలేమీ లేదు కదా!

మా అమ్మాయి డబ్బింగ్ చెబుతుంది. పరాయి భాషలో తీసిన సముద్రపు దొంగల సినిమాలు మన భాషలోకి మారి వస్తుంటాయి చూడండి, అందులో దొంగల రాణికి గొంతు మా పిల్లది. తెరమీద రాణి కత్తి తిప్పుతూ పెదవులు కదిపితే, అద్దాల గదిలో మైకు ముందు నిలబడి మా పిల్ల ఆ పెదవులకు సరిపోయేలా మాట చెప్పాలి. అలా నాలుగు సినిమాలు వచ్చాయి. ఇది ఐదోది, ఆఖరిది. అందులో కెప్టెన్ నీడను సముద్రం ఎత్తుకుపోయిందట. ఆ నీడ సొంతంగా ఇంకో ఓడ కట్టుకుని అతని మీదకే యుద్ధానికి వస్తుందట. ఇలాంటి కథలు ఎవరికి తడతాయో గానీ, విన్న రోజు నేను దీపం ఆర్పకుండా పడుకున్నాను.

ఈ డబ్బింగ్‌లో ఒక పద్ధతి ఉంది. ఎవరి మాటలు వాళ్ళు ఒంటరిగా చెప్పి వెళ్ళిపోతారు. ఒక రోజు కెప్టెన్‌కి గొంతు చెప్పే అతను ముందు చెప్పి వెళ్తే, ఆ మాటలు హెడ్‌ఫోన్‌లో వింటూ మా పిల్ల జవాబిచ్చేది. ఇంకో రోజు మా పిల్ల ముందు చెబితే అతను విని జవాబిచ్చేవాడు. అలా నాలుగు సినిమాల్లోనూ అతని గొంతుతో పోట్లాడింది, అలిగింది, ప్రేమించింది. మనిషిని మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

టీవీలో ఆ సినిమా వస్తే చాలు, గిన్నెలు తోముతున్నది కాస్తా చేతిలో గిన్నెతోనే హాల్లోకి వచ్చి నిలబడేది. నురుగంతా నేలమీద కారేది.

“ఏమే, సినిమా చూస్తున్నావా, వింటున్నావా? కళ్ళు మూసుకున్నావేం?”

“నీళ్ళు పడ్డాయమ్మా కంట్లో.”

నీళ్ళు కంట్లో పడలేదు, ఆ గొంతు చెవిలో పడింది. ఆ మాత్రం తెలుసుకోలేనా! అదేం గొంతో, వింటే గోడ సున్నం రాలుతుంది. అంత గరుకు గొంతున్నవాడు తాగుబోతన్నా అయి ఉంటాడు, తిరుగుబోతన్నా అయి ఉంటాడని నేను తీర్మానించేసుకున్నాను.

అంతలో డబ్బింగ్ డైరెక్టర్ ఫోన్ చేశాడు. “రిలీజ్ నెత్తిమీదికొచ్చిందమ్మా. ఈసారి విడివిడిగా కుదరదు. నువ్వూ కెప్టెనూ పక్కపక్కనే నిలబడి చెప్పేయండి.”

పిల్ల ఫోన్ పెట్టేసి అద్దం దగ్గరికి వెళ్ళింది. గొంతు పనికి అద్దంతో ఏం పనో!

“నేనూ వస్తున్నాను,” అన్నాను.

“అమ్మా, నేనేం చిన్నపిల్లనా?”

“నువ్వు కాదే, వాడు చిన్నపిల్లాడు కాదని వస్తున్నాను.”

* * *

మేం వెళ్ళేసరికి కుండపోత వాన. స్టూడియో మెట్ల దగ్గర చీపురుపుల్లలా ఓ బక్కపల్చటి అబ్బాయి నిలబడి, తడిసిన చెప్పుల్ని పట్టామీద తెగ రుద్దుతున్నాడు. మమ్మల్ని చూసి పక్కకు తప్పుకుని దారిచ్చాడు. బుద్ధిమంతుడు, పాపం టీ ఇచ్చే కుర్రాడేమో అనుకున్నాను.

లోపలికి వెళ్ళగానే పిల్ల చేత్తో విసురుకుంది. “అబ్బ, ఉక్క! ఎవరండీ ఏసీ ఆపింది?”

“నేనే, ఇందాక వచ్చినప్పుడు,” అన్నాడా అబ్బాయి వెనకాలే వస్తూ. గొంతు ఎంత మెత్తగా ఉందంటే, పొయ్యిమీద పాలు పొంగేటప్పుడు వచ్చే చప్పుడు కూడా దానికన్నా పెద్దది.

“ఎందుకాపారు? ఉడికి చావాలనా? అసలే ఇవాళ ఆ కెప్టెన్ మహానుభావుడితో కలిసి చెప్పాలి. నాలుగు సినిమాలయ్యాయి, ఒక్కరోజు హలో చెప్పిన పాపాన పోలేదు. ఎంత పొగరుండాలి!”

“చాలా పొగరా?”

“గొంతులోనే తెలియట్లా? ఆయనొచ్చాక ఆయనకి చెమటలు పట్టినా మనల్నే తిడతాడు. ఆ స్విచ్ వెయ్యండి బాబూ.”

“వేస్తాను. ఆయన తిడితే మీరు కాస్త అడ్డుపడండి మరి,” అని స్విచ్ వేసి, నెమ్మదిగా మైకు దగ్గరికి వెళ్ళి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు.

అద్దానికి ఇవతల నేను, డైరెక్టరు, సౌండ్ ఇంజనీరు కూర్చున్నాం. తెరమీద ఓడ ఊగింది. ఈ చీపురుపుల్ల గడ్డం కిందికి దించి, ఊపిరి బిగబట్టి నోరు తెరిచాడు.

“తెరచాప ఎత్తండిరా పిరికిపందల్లారా!”

నా చేతిలో ఫ్లాస్కు మూత కిందపడి దొర్లుకుంటూ పోయింది. మా పిల్ల గోడకు అంటుకుపోయింది.

“మీరా?” అంది టేక్ మధ్యలోనే.

“కట్! అమ్మా రాణీ, అది డైలాగ్‌లో లేదు,” అన్నాడు డైరెక్టర్.

ఆ అబ్బాయి హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపి మళ్ళీ ఆ పాలపొంగు గొంతుతో అన్నాడు. “హలో.”

“ఇప్పుడా చెప్పేది!”

“మొదటి సినిమా నుంచీ బాకీ కదండీ. ఇంకో సంగతి. వెనకాల ఏసీ రొద వినిపించిన రోజున మీరు ప్రతి డైలాగ్‌కీ ముందు చిన్నగా గొంతు సవరించుకుంటారు. లేని రోజున సవరించుకోరు. అందుకే ఆపాను.”

“మీకెలా తెలుసు?”

“హెడ్‌ఫోన్‌లో ఉన్నది మీరొక్కరేగా. ఇంకేం వింటాను?”

మా పిల్ల వెళ్ళి ఏసీ స్విచ్ తానే ఆపేసి వచ్చింది. మేమందరం సాయంత్రం దాకా ఉడికి చచ్చాం.

* * *

అసలు చిక్కు ప్రేమ సీను దగ్గర వచ్చింది.

తెరమీద కెప్టెన్ ఓడ కొసన నిలబడి అడుగుతాడు. “నీడ లేని మనిషిని నమ్మి వస్తావా?” అందుకు రాణి, “నీడ కోసమా నీ వెంట ఇంత సముద్రం దాటాను?” అనాలి. అంతే. అంతకన్నా పొడుగు డైలాగులు గుక్కతిప్పుకోకుండా చెప్పిన పిల్ల, ఆ ఒక్క మాట దగ్గర నీళ్ళు నమిలింది. ఒకసారి తొందరపడింది, ఒకసారి ఆలస్యమైంది, ఒకసారి నవ్వేసింది.

“ఏమ్మా, కిందటి సినిమాల్లో గడగడా చెప్పావు కదా ఇలాంటివి?” అన్నాడు డైరెక్టర్.

“అప్పుడు పక్కన ఎవరూ లేరు కద్సార్!”

ఇంజనీరు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆ అబ్బాయి తెరకేసి చూస్తున్నట్టు నటించాడు గానీ, తెర ఆగిపోయి అప్పటికి చాలాసేపైంది.

“పోనీ నేను కళ్ళు మూసుకోనా?” అన్నాడు.

“మీరు కళ్ళు మూసుకుంటే ఏం లాభం? మీ చెవులతోనే నాకు భయం.”

టీ విరామంలో అతను నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసిచ్చాను. ఊదుకుంటూ తాగుతున్నాడు. మెడంతా ఎముకలే.

“నాయనా, ఆ గొంతు ఎక్కణ్ణుంచి తెస్తున్నావు?”

“ఇదిగో, ఇక్కడ నొక్కిపెడితే వస్తుంది ఆంటీ,” అని గొంతు ముడి చూపించాడు.

“అలా నొక్కితే పోదూ?”

“పోతే పోతుంది. మీ వేడినీళ్ళున్నాయిగా.”

“అపశకునపు మాటలాడకు,” అన్నాను. నా నోటి మాట ఊరికే పోదు.

ఆఖరి రోజు యుద్ధం సీను. రెండు ఓడల జనం ఒకర్నొకరు నరుక్కుంటూ ఒకటే కేకలు, బొబ్బలు. అరుపులు అరవడానికి వేరే మనుషులు వస్తారు. అందరూ కలిసి ఒక గుంపు. ఆ రోజు వానకు రోడ్లన్నీ నీళ్ళు నిండి గుంపులో ఒక్కరూ రాలేదు. డైరెక్టర్ తలపట్టుకుని మా పిల్లకేసి చూశాడు. “అమ్మా, నువ్వూ ఓ చెయ్యి వెయ్యాలి. రాణి తరఫు అరుపులన్నీ నువ్వే అరిచేయ్.”

పిల్లకు అప్పటికే జలుబు. నేను లేచి నిలబడ్డాను. నేను నోరు తెరిచేలోపే ఆ అబ్బాయి తెరిచాడు.

“ఆవిడకింకా మాటలున్నాయి సార్. అరుపులన్నీ నేను చూసుకుంటాను.”

“రెండు ఓడలవీ?”

“మునిగేవాళ్ళవి కూడా.”

ఇక మొదలెట్టాడు. ముసలి దొంగలా అరిచాడు, పడుచు దొంగలా అరిచాడు, కాలు తెగినవాడిలా, నీళ్ళలో పడ్డవాడిలా, తన నీడలా కూడా అరిచాడు. అద్దానికి ఇవతల నాకు చెమటలు పట్టాయి. పిల్ల గది మూలన నిలబడి చున్నీ కొస మెలిపెడుతోంది. “చాలు సార్, ఆపండి,” అని డైరెక్టర్‌ని బతిమాలింది కూడా. ఆఖరి కేక సగంలో తెగిపోయింది. బాగా సహజంగా వచ్చిందని డైరెక్టర్ చప్పట్లు కొట్టాడు. నేను కొట్టలేదు.

పని అయిపోయింది. అందరూ సర్దుకుంటున్నారు. వరండాలో పిల్ల అతనికి ఎదురు నిలబడింది. వాన చూరు మీంచి తెరలా కారుతోంది. నేను చెప్పుల పట్టీ సరిచేసుకుంటున్నట్టు వంగి నిలబడ్డాను.

“ఇదే ఆఖరి సినిమా. రేపట్నుంచి మీ గొంతు నాకెక్కడ వినపడుతుంది?”

అతను మాట్లాడలేదు.

“డొంకతిరుగుడు నాకు చేతకాదు. నాలుగు సినిమాల్లో మీరే అడిగారు, ఈసారి నేనడుగుతున్నాను. నన్ను పెళ్ళి చేసుకుంటారా?”

నా చేతిలో పట్టీ తెగిపోయింది. ఆడపిల్ల అలా నోరు విడిచి అడిగేస్తుందా! అడిగింది సరే, వాడు కాదంటే!

అతను నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. ముఖం తెల్లగా పాలిపోయింది. పిల్లకేసి ఒక్క చూపు చూసి, గిరుక్కున తిరిగి వానలోకి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక మా ఆయన తలుపు తీసి, “ఏమైంది, ఓడ మునిగిందా?” అన్నారు. నేను కళ్ళతోనే వద్దన్నాను.

* * *

మర్నాడు డైరెక్టర్ ఫోన్ చేశాడు.

“అమ్మా రాణీ, తెలిసిందా? కెప్టెన్‌కి గొంతు పోయింది. నిన్న ఆ ఆఖరి అరుపుతోనే పోయిందట.”

పిల్ల మంచం అంచున కూలబడింది. నేను దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టాను. ఆ అబ్బాయికి గొంతు పోయినందుకు కాదు సుమండీ! అతను కాదని వెళ్ళలేదు, ఔనని చెప్పలేక వెళ్ళాడేమో అన్న ఆశ పుట్టినందుకు.

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాం. అమ్మానాన్నా లేరు. అక్క ఉంది, బట్టలు కుడుతుంది. ముందు గదినిండా గుడ్డ ముక్కలు. తమ్ముడి గొంతుకి రావలసిన చప్పుడంతా ఈవిడే పుట్టుకతో పట్టుకొచ్చేసినట్టుంది.

“రండి పిన్నీ, రండి! కుర్చీలో పిన్నులున్నాయి, చూసి కూర్చోండి. ఒరేయ్, ఎవరొచ్చారో చూడు! చూడు గానీ మాట్లాడకు. గుసగుసగా కూడా మాట్లాడకూడదట పిన్నీ, గుసగుస ఇంకా చెరుపట. గొంతులో తీగల్లాంటివి రెండుంటాయట, ఒకదాని మీద నెత్తురు బుడిపె లేచింది. కొయ్యాలంటున్నారు. కోసినా పాత గొంతు వస్తుందో రాదో చెప్పలేమంటున్నారు.”

అతను గోడకానుకుని నిలబడ్డాడు. చేతిలో ఫోన్ ఉంది.

“తిండీ నీళ్ళూ అన్నీ ఫోన్‌లో టైప్ చేసి చూపిస్తాడు,” అంది అక్క. “పొద్దున సైగ చేస్తే నాకర్థమై చావక, నీళ్ళడిగితే కత్తెరిచ్చాను.”

పిల్ల అతని ముందుకెళ్ళింది. “నేనడిగింది గుర్తుందా? మాట అక్కర్లేదు. తల ఊపితే చాలు.”

అతను తల ఊపలేదు. అడ్డంగానూ ఊపలేదు.

“టైప్ చెయ్యండి పోనీ.”

ఫోన్ స్క్రీన్ ఆర్పేశాడు.

అక్క మిషను తొక్కడం ఆపింది. ఆవిడ గొంతు కూడా తగ్గింది. “నువ్వేమడిగావో చెప్పాడు తల్లీ. రాత్రంతా కూర్చుని అదే టైప్ చేసి చూపించాడు. వాడికి తెలిసిన పని అదొక్కటే. గొంతు లేకపోతే వీడు ఏం తిని, నీకేం పెడతాడు? ఆ సంగతి తేలకుండా మాటివ్వనంటాడు.”

తిరిగొస్తుంటే నాకు నోరాగలేదు. కన్నదాన్ని, అడక్కపోతే ఎలా?

“ఏమే, కోపం తెచ్చుకోకు. నువ్వు మోజుపడింది ఆ గొంతునే కదా. అదే పోతే?”

పిల్ల నడుస్తూ నడుస్తూ ఆగింది.

“మొదట్లో గొంతే అమ్మా. అబద్ధం ఎందుకు! కానీ నేను ఎప్పుడు గొంతు సవరించుకుంటానో నీకు తెలుసా?”

“తెలీదే.”

“నాకూ తెలీదు. ఆయనకి తెలుసు. అన్నాళ్ళూ ఒక మనిషి కళ్ళతో చూడకుండా నన్నలా విన్నాడమ్మా. గొంతు పోయింది గానీ, చెవులు ఉన్నాయిగా!”

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన, “నీకు మూగ అల్లుడే నయమే. ఎదురుచెప్పడు,” అన్నారు. తిట్టబోయి, ఆయన కళ్ళు తుడుచుకోవడం చూసి ఊరుకున్నాను.

* * *

ఆపరేషన్ అయింది. ఆ తర్వాత బోలెడు రోజులు మౌనం. పిల్ల రోజూ వెళ్ళేది. ఆ ఒక్క ప్రశ్న మాత్రం మళ్ళీ వెయ్యలేదు. అక్క మిషను పక్కన కూర్చుని కాజాలు కుట్టడం నేర్చుకుంది. ఇతను మాట్లాడడు, అది మాట్లాడదు, ఆ ఇద్దరి మాటలూ కూడా అక్కే మాట్లాడేది.

ఈలోగా సినిమా వచ్చేసింది. అందరం కలిసి వెళ్ళాం. హాలంతా కెప్టెన్ గొంతే! దొంగలను తిడుతున్నాడు, తుఫానును తిడుతున్నాడు, తన నీడనే ఒరేయ్ అంటున్నాడు. జనం ఈలలు. వెనక సీట్లో ఎవరో, “కెప్టెన్ గొంతు అదిరిందిరా!” అంటున్నారు. ఆ గొంతుగలవాడు వాళ్ళ ముందు సీట్లో నోరు మూసుకుని, తన గొంతునే ఇంకెవరిదో అన్నట్టు వింటున్నాడు. నాకు ఏడుపాగలేదు.

ఓడ మునగలేదు లెండి. నీడే వచ్చి దాన్ని ఒడ్డుకు చేర్చింది. నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

“నీడ లేని మనిషిని నమ్మి వస్తావా?” అని తెర అడిగినప్పుడు మా పిల్ల అతనికేసి తిరిగింది. తెరమీద రాణి జవాబు చెప్పింది. ఇక్కడ పిల్ల పెదవులు కూడా ఆ మాటకు సరిగ్గా కదిలాయి. ఈసారి తొందరపడలేదు, ఆలస్యం చెయ్యలేదు. చీకట్లో అతను చూశాడో లేదో నాకు తెలియదు.

గొంతు పరీక్ష చేసే రోజు వచ్చింది. ఆస్పత్రిలో చిన్న గది. అక్క, పిల్ల, నేను, మా ఆయన అందరం దూరాం. డాక్టరమ్మ కళ్ళద్దాల మీంచి చూసింది.

“ఇది గొంతు పరీక్షా, పెళ్ళిచూపులా? ఇంతమందేమిటి?”

“మీరు పరీక్ష చెయ్యండి డాక్టర్‌గారూ, మిగతాది మేం చూసుకుంటాం,” అంది అక్క.

గొంతులోకి సన్నటి గొట్టం పెట్టి చూసింది డాక్టరమ్మ. ఆవిడ గొట్టం తీసి నవ్వింది.

“పుండు చక్కగా మానింది. తీగలు రెండూ బాగా కలుస్తున్నాయి. ఆ బండగొంతు పెట్టి అరవడాలు మాత్రం ఇక మానెయ్యాలి. మామూలు గొంతుకేం ఢోకా లేదు, మామూలు పాత్రలకి హాయిగా డబ్బింగ్ చెప్పుకోవచ్చు.”

అక్క గట్టిగా చప్పట్లు కొట్టేసింది. మా ఆయన నా భుజం తట్టారు. నేను బల్లమీద కూర్చున్నాను. కానీ ఇంకా నమ్మకం లేదు. గొట్టంతో చూడటం వేరు, చెవితో వినడం వేరు.

“ఏదీ, ఒక్క మాట. గొంతు నొక్కకుండా, ఊపిరితో మెల్లగా. మీ పేరు చెప్పండి,” అంది డాక్టరమ్మ.

అతను నోరు తెరిచాడు. ఏమీ రాలేదు.

గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. బయట ఎవరో ట్రాలీ తోసుకుపోతున్నారు. అతను గుటక మింగాడు. ఊపిరి తీసుకున్నాడు, వదిలేశాడు. అయిపోయింది, ఇక రాదు అనుకున్నాను. చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

“భయపడకండి. పేరు, అంతే,” అంది ఆవిడ మళ్ళీ.

అతను డాక్టరమ్మ మీంచి చూపు తప్పించి, తలుపు దగ్గర నిలబడ్డ మా పిల్లకేసి తిరిగాడు. అది కదల్లేదు. చెయ్యి గడియ మీద ఉంది.

పెదవులు కదిలాయి. గొంతు తడబడింది, ఒకచోట జీరపోయింది, మళ్ళీ దారిన పడింది. మొదటి రోజు విన్న ఆ మెత్తటి గొంతే.

“చేసుకుంటాను,” అన్నాడు.